ఐదు స్పీకర్లూ ఉన్నాయి, మరి 5.1 ఏది?

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో పెద్ద టీవీ మధ్యతరగతి హాల్లోకి రావడం ఇంకాస్త తేలికైంది. తెర పెద్దదయ్యాక వెంటనే తెలిసొచ్చేది సౌండ్ సంగతి. పల్చటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. థియేటర్లో ఒళ్లు గగుర్పొడిచిన సీను కొన్ని వారాల తర్వాత ఓటీటీలో చూస్తే చప్పగా అనిపిస్తుంది. అక్కడి నుంచి హోమ్ థియేటర్ వేట మొదలవుతుంది.

ఆ వేటలో దొరికేది ముందుగా గందరగోళమే. ఆరు వేల రూపాయల సెట్టు డబ్బా మీదా 5.1 అనే ఉంటుంది, అరవై వేల రూపాయల సెట్టు మీదా అదే ఉంటుంది. ఒకదాని మీద అట్మాస్, ఇంకోదాని మీద 10,000 వాట్స్. షాపులో డెమో పాట పెడితే అన్నీ దద్దరిల్లిపోతాయి. ఇంటికి తెచ్చాక మాత్రం వెనక స్పీకర్లు ఉన్నాయో లేవో తెలియదు, డైలాగులు వినబడవు.

ఈ చిక్కుముడి విడిపోయేది ఒక్క ప్రశ్న దగ్గర. ఐదు స్పీకర్లకూ ఐదు వేర్వేరు శబ్దాలు అందుతున్నాయా, లేక ఒకే శబ్దం ఐదు చోట్ల మోగుతోందా? బ్రాండు, వాట్లు, స్పీకరు సైజు అన్నీ దీని తర్వాతే.

ఐదు అంటే ఏమిటి, ఆ ‘పాయింట్ వన్’ ఏమిటి

సినిమా సౌండ్ మిక్స్ చేసేటప్పుడు శబ్దాలను చానళ్లుగా విడదీస్తారు. ముందు ఎడమ, ముందు కుడి, మధ్యలో సెంటర్, పక్కన లేదా కాస్త వెనక ఎడమ సరౌండ్, కుడి సరౌండ్. ఇవి ఐదు. ఆరోది బేస్ కోసమే పెట్టిన చానల్. పేలుడు, పిడుగు, ఏనుగు అడుగు లాంటి గంభీరమైన శబ్దాలు అందులో వేస్తారు. అది 120 హెర్ట్జ్ దాకానే మోస్తుంది, అంటే మొత్తం శబ్దంలో చిన్న ముక్క. అందుకే దాన్ని పూర్తి చానల్‌గా లెక్కపెట్టకుండా .1 అన్నారు.

ఐదింటిలో ఎక్కువ బరువు మోసేది సెంటర్. మాటల్లో సింహభాగం దాని నుంచే వస్తాయి. సరౌండ్ చానళ్లలో వాన, జనం గోల, పక్క నుంచి దూసుకుపోయే బండి, పాటలో కోరస్ లాంటివి ఉంటాయి. చాలా సన్నివేశాల్లో అవి దాదాపు నిశ్శబ్దంగానే ఉంటాయి. వెనక స్పీకర్లు అస్తమానం మోగడం లేదని కంగారుపడి టెక్నీషియన్‌ను పిలిచేవాళ్లు ఉన్నారు. నిజానికి అలా ఊరుకోవడం సెట్టు సరిగా పనిచేస్తోందనడానికి గుర్తు.

7.1 అంటే పూర్తిగా వెనక ఇంకో రెండు. 5.1.2 అంటే తల పైనుంచి వినిపించేవి రెండు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతే వేరు. ఈ శబ్దం ఫలానా చానల్‌లో అని కాకుండా, గదిలో ఫలానా చోట ఉండాలి అని రాసి పంపుతుంది. ఉన్న స్పీకర్లతో దాన్ని ఆ చోటికి ఎలా చేర్చాలో మన దగ్గరున్న యంత్రం లెక్కగట్టుకుంటుంది. అందుకే రెండే స్పీకర్లున్న సౌండ్‌బార్ మీద కూడా అట్మాస్ అని ముద్ర వేయగలుగుతున్నారు. ఆ సంకేతాన్ని చదవడం దానికి వచ్చన్న మాట నిజం. తల మీంచి హెలికాప్టర్ వెళ్లినట్టు వినిపిస్తుందా అన్నది వేరే సంగతి.

దారిలో ఐదు రెండైపోయేది ఎక్కడ

ఒకే సినిమా, ఒకే టీవీ, ఒకే ఐదు స్పీకర్ల సెట్టు అనుకుందాం. ఓటీటీ యాప్‌లో ఆ సినిమా పేరు పక్కన 5.1 అని గుర్తుంది. మనం ప్లాన్ కూడా దానికి తగ్గదే తీసుకున్నాం.

టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఎర్ర, తెల్ల పిన్నుల వైరుతో సెట్టుకు కలిపితే వెళ్లేది రెండు చానళ్లే. ఆ వైరులో మూడో దానికి చోటు లేదు. బ్లూటూత్‌తో కలిపినా అంతే. ఇళ్లలో వాడే బ్లూటూత్ ఆడియో స్టీరియోనే, అంటే ఎడమ, కుడి రెండు చానళ్లనే మోస్తుంది. వైర్లు లేవన్న సుఖం ఉంది గానీ, టీవీని బ్లూటూత్‌తో కలిపిన క్షణమే ఐదు చానళ్ల కథ ముగిసింది.

ఆప్టికల్ కేబుల్ అయితే 5.1 వెళ్తుంది, కానీ డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే పాత కుదింపు రూపాల్లోనే. ఓటీటీలు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్. ఆప్టికల్ దాన్ని మోయదు. టీవీ దాన్ని పాత రూపంలోకి మార్చి పంపగలిగితే సరే, లేకపోతే స్టీరియోకు దింపేస్తుంది.

మిగిలింది హెచ్‌డీఎంఐ ఆర్క్. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన సదుపాయం ఇది. టీవీలో పుట్టిన శబ్దం అదే కేబుల్‌లో వెనక్కి తిరిగి సౌండ్ సిస్టంకు వెళ్తుంది. టీవీ వెనక మూడు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా సాధారణంగా ఒక్కదాని పక్కనే ఆర్క్ అని సన్నటి అక్షరాలతో రాసి ఉంటుంది. వేరే పోర్టులో గుచ్చి ‘సౌండ్ రావట్లేదు’ అనుకునే ఇళ్లు తక్కువేమీ కాదు. ఆర్క్ డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మోయగలదు, దాని లోపల వచ్చే ఓటీటీ అట్మాస్‌ను కూడా. మరి హెచ్‌డీఎంఐ 2.1తో 2017లో ప్రకటించిన ఈ-ఆర్క్ ఎందుకు? బ్లూరే డిస్కుల్లో ఉండే కుదించని సౌండ్ బరువైనది, దానికి పెద్ద దారి కావాలి. ఓటీటీ మాత్రమే చూసే ఇంటికి ఈ-ఆర్క్ లేకపోయినా పెద్ద నష్టం లేదు.

కేబుల్ సరైనదైనా ఇంకో గేటు ఉంది. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో ఔట్ అనే చోట పీసీఎం అని ఉంటే, ఆర్క్ మీద ఆ టీవీ స్టీరియో మాత్రమే పంపుతుంది. ఆటో, పాస్‌త్రూ, బిట్‌స్ట్రీమ్ అనే పేర్లలో ఏదో ఒకటి ఉంటేనే ఐదూ ఐదుగా వెళ్తాయి. వేల రూపాయల సెట్టు ఏళ్ల తరబడి స్టీరియోలో మోగడానికి ఈ ఒక్క మెనూ చాలు.

పెన్‌డ్రైవ్ ఫైళ్ల చిక్కు వేరు. బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు. ఫైలు పాడైందనుకుంటాం. చాలాసార్లు కారణం అందులోని ఆడియో డీటీఎస్ కావడం. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్‌ను వదిలేసింది. అలాంటి టీవీకి ఆ భాష రాదు, సెట్టుకు వచ్చినా టీవీ దాటి అక్కడికి చేరదు.

యూట్యూబ్‌లో వినే పాటలు దాదాపు అన్నీ స్టీరియోనే. టీవీలో సీరియళ్లు, వార్తలు కూడా అంతే. అంటే మంచి 5.1 సెట్టు ఉన్న ఇంట్లో కూడా రోజులో ఎక్కువ సేపు మోగేది స్టీరియో. ఈ నిజం ముందే తెలిస్తే కొనేటప్పుడు లెక్క మారుతుంది.

రెండింటిని ఐదు చేసే బోర్డు లోపల

స్టీరియో వస్తే ఐదు స్పీకర్లు ఎలా మోగుతున్నాయి మరి? దీనికి రెండు దారులు.

ఒకటి, మక్కీకి మక్కీ నకలు. ఎడమ వచ్చింది ముందూ వెనకా ఎడమ స్పీకర్లకు, కుడి వచ్చింది కుడి వాటికి, రెండూ కలిపి సెంటర్‌కు. చవక సెట్లలో చాలావరకు ఇదే.

రెండోది కాస్త తెలివైన పని. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట దొరికే ‘ప్రోలాజిక్ బోర్డు’ చూడండి. అరచేతిలో పట్టే పలక మీద వరసగా ఎనిమిది కాళ్ల చిన్న ఐసీలు, వాటి మీద 4558 అనే అంకె. అవి చేసేది కూడికలు, తీసివేతలు. ఎడమ, కుడి కలిపితే సెంటర్. ఎడమలోంచి కుడిని తీసేస్తే సరౌండ్. కింది శబ్దాలను మాత్రమే వడగట్టి పంపితే సబ్‌వూఫర్. స్టీరియోలో హీరో మాట రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో అది సున్నా అయిపోతుంది. రెండు వైపులా తేడాగా ఉన్నవి, అంటే గది ప్రతిధ్వని, వయొలిన్లు, జనం గోల వంటివి వెనక మిగులుతాయి. అందుకే ఆ బోర్డు పెట్టిన సెట్టులో పాట వింటే నిజంగానే చుట్టూ పరుచుకున్నట్టు ఉంటుంది. దాన్ని మోసం అనడం సరికాదు. 1987లో వచ్చిన డాల్బీ ప్రో లాజిక్, 2000లో వచ్చిన ప్రో లాజిక్ 2 ఇదే ఊహను ఎంతో మెరుగ్గా చేసినవి. కానీ అది అంచనా మాత్రమే. సౌండ్ ఇంజినీరు ఎడమ వెనక పెట్టిన తలుపు చప్పుడు ఎడమ వెనకే రావాలంటే అసలు ఐదు చానళ్లు అందాల్సిందే, వాటిని విప్పే డీకోడర్ ఉండాల్సిందే.

ఏది జరుగుతోందో చెవితోనే పట్టుకోవచ్చు. 5.1 ఉన్న సినిమాలో ఇద్దరు మాట్లాడుకునే నిశ్శబ్దమైన సీను నడుస్తుండగా వెనక స్పీకరుకు చెవి ఆనిస్తే, మాటలు ముందులాగే స్పష్టంగా వినిపిస్తే అది నకలు. గాలి చప్పుడో, దూరపు బండి మోతో మాత్రమే వినిపిస్తే అసలుదో, తీసివేత బోర్డు పనో. ఈ రెండింటినీ విడదీసేది ఎడమ వెనకకూ కుడి వెనకకూ తేడా. బోర్డు రెంటికీ ఒకే శబ్దం ఇస్తుంది.

పాత డీవీడీ కాలపు సెట్ల వెనక ఆరు పిన్నుల రంధ్రాలు ఉండేవి. అప్పుడు డీకోడర్ డీవీడీ ప్లేయర్‌లో ఉండేది, ఆరు వైర్లలో ఆరు శబ్దాలు వచ్చేవి. ప్లేయర్ అటకెక్కాక ఆ సెట్టుకు టీవీ నుంచి రెండు వైర్లే మిగిలాయి. సెట్టు చెడిపోలేదు, దానికి అందాల్సింది అందడం లేదు. ఆర్క్ లేదా ఆప్టికల్ తీసుకుని ఆరు పిన్నుల్లో ఇచ్చే డీకోడర్ డబ్బా మధ్యలో పెడితే అవే స్పీకర్లు మళ్లీ అసలు 5.1 పలుకుతాయి.

10,000 వాట్లు ఏ ప్లగ్గు నుంచి వస్తాయి

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 10,000 వాట్లు లాగాలంటే సుమారు 43 ఆంపియర్లు కావాలి. హాల్లో టీవీ పక్కనుండే మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది, గీజరుది 16 ఆంపియర్లది. కాబట్టి డబ్బా మీది అంకె నిజమయ్యే అవకాశమే లేదు. దాని పక్కన సన్నగా పీఎంపీఓ అని ఉంటుంది. రెప్పపాటు శిఖరాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కగట్టి వేసుకునే అంకె అది, దానికి ఒప్పుకున్న కొలత లేదు.

ఆర్‌ఎంఎస్ నిలకడగా ఇచ్చే శక్తిని చెబుతుంది. అందులోనూ రెండు మెలికలున్నాయి. ఒక్క చానల్‌ను మాత్రమే మోగించి కొలిచి ఐదుతో హెచ్చవేయడం ఒకటి. 10 శాతం వక్రీకరణ దాకా, అంటే శబ్దం చీలే దాకా లాగి కొలవడం రెండోది. అందుకే 400 వాట్ల సెట్టు, 70 వాట్ల చానళ్లున్న రిసీవర్ (డీకోడర్, యాంప్లిఫయర్ కలిసున్న డబ్బా) కంటే పెద్దదని చెప్పలేం.

అసలు ఎన్ని వాట్లు కావాలి? ఒక స్పీకరుకు 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. మూడు మీటర్ల దూరంలోని సోఫా దగ్గరికి వచ్చేసరికి సుమారు 10 తగ్గి 76 అవుతుంది. శక్తిని పది రెట్లు చేస్తే 10 డెసిబెల్స్ పెరుగుతాయి. అంటే 10 వాట్లకు 86, 100 వాట్లకు 96. గోడల నుంచి తిరిగొచ్చేది కలిపితే ఇంకాస్త ఎక్కువే. 86 దగ్గరే పక్క గదిలో చదువుకునే పిల్లలు కేకేస్తారు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కొద్దిపాటి తేడా. మామూలు హాలుకు చానల్‌కు 30, 40 నిజమైన వాట్లు చాలు. చవక సెట్టులో లోటు సాధారణంగా వాట్లలో కాదు, రెండు అంగుళాల శాటిలైట్ స్పీకర్లలో, అంటే సబ్‌వూఫర్ కాని ఆ చిన్న డబ్బాల్లో ఉంటుంది. వాటికి 150, 200 హెర్ట్జ్ కింద పలికే శక్తి ఉండదు, మగగొంతులోని నిండుదనం సబ్‌వూఫర్‌కు పోతుంది. మాట సగం టీవీ కింద నుంచి, సగం మూలలోని డబ్బా నుంచి వస్తుంది.

డైలాగ్ వినబడదు, బీజీఎంకు ఇల్లు అదురుతుంది

రిమోట్ చేతిలోంచి దిగదు. మాటకు పెంచడం, ఫైట్‌కు తగ్గించడం. తప్పు ఎవరిది అన్నదాని మీద రెండు వాదనలున్నాయి.

మిక్సే అలా ఉందన్నది మొదటిది. ఇందులో నిజముంది. థియేటర్ మిక్స్ చేసే గదిలో ముందు చానళ్లను 85 డెసిబెల్స్ ప్రమాణానికి సరిచేస్తారు, పెద్ద చప్పుళ్లు 105 దాకా వెళ్లొచ్చు. అంత వాల్యూమ్‌లో గుసగుస కూడా వినిపిస్తుంది. ఇంట్లో మనం 20 డెసిబెల్స్ తగ్గించి చూస్తాం. పెద్ద చప్పుడు భరించేంతకు దిగితే, గుసగుస ఫ్యాన్ మోతలో కలిసిపోతుంది.

సెట్టుదే తప్పన్నది రెండో వాదన. ఇందులోనూ నిజముంది. సెంటర్ స్పీకరు లేకుండా ఐదు చానళ్లు రెండులోకి కుదిస్తే మాట, సంగీతం, చప్పుళ్లు అన్నీ అవే రెండు స్పీకర్ల మీద పడతాయి. అసలు 5.1 వస్తుంటే మాట సెంటర్‌లో విడిగా ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే మూడు డెసిబెల్స్ పెంచే వీలుంటుంది. నైట్ మోడ్ అనే మీట పెద్ద చప్పుళ్లను దించి, చిన్నవాటిని లేపుతుంది. థియేటర్ దెబ్బ పోతుంది, మాట దక్కుతుంది. అమ్మానాన్నలు రాత్రి పది తర్వాత సినిమా చూసే ఇంట్లో అది చాలా విలువైన మీట.

నా దృష్టిలో తక్కువ బడ్జెట్ వాళ్లకు 5.1 ఇచ్చే మొదటి లాభం వెనక శబ్దాలు కాదు, విడిగా నిలబడ్డ సెంటర్.

హాలు కొలతలు, టైల్స్, గోడకు ఆనించిన సోఫా

మన హాళ్లు సినిమా కోసం కట్టినవి కావు. కింద విట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు. చప్పట్లు కొడితే ఖంగుమంటుంది. ఆ ఖంగు డైలాగ్ మీద కూడా పడుతుంది. మందపాటి కర్టెన్, గుడ్డ సోఫా, నేల మీద తివాచీ తెచ్చే తేడా కొన్నిసార్లు స్పీకర్లు మార్చినా రాదు.

బేస్ సంగతి ఇంకా విచిత్రం. 12 అడుగుల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. గోడ పక్కన కూర్చున్నవాళ్లకు ఆ స్వరం వాచిపోయినట్టు, గది నడుమ కూర్చున్నవాళ్లకు మాయమైనట్టు వినిపిస్తుంది. 12 బై 12 చదరపు గదిలో రెండు దిక్కులా అదే అంకె కాబట్టి ఇబ్బంది రెట్టింపు. ‘ఈ వూఫర్ ఒకటే బూమ్ బూమ్ అంటోంది’ అన్నప్పుడు చాలాసార్లు మోగుతున్నది గది. సబ్‌వూఫర్‌ను మూలలోంచి రెండడుగులు జరిపితే మనిషి మారినట్టు మారుతుంది.

వెనక స్పీకర్లకు ఒప్పుకున్న ప్రమాణం వినేవాడి ముఖం నుంచి 110 డిగ్రీల దగ్గర, అంటే చెవికి కాస్త వెనగ్గా పక్కన. మన సోఫా వెనక గోడకు ఆని ఉంటుంది, ఒక పక్క గోడ ఉండదు, డైనింగ్ మొదలవుతుంది. దాంతో ఒక స్పీకరు చెవికి మూడడుగుల్లో, ముందువి పదడుగుల్లో పడతాయి. శబ్దం మిల్లీసెకనుకు అడుగు పైచిలుకు నడుస్తుంది. ఏడడుగుల తేడా అంటే వెనకది ఆరు మిల్లీసెకన్లు ముందే చేరుతుంది. ముందు చేరిన శబ్దం వైపే చెవి మొగ్గుతుంది, కాబట్టి నకలు సెట్టులో హీరో సోఫా వెనక నుంచి మాట్లాడుతున్నట్టుంటుంది. మంచి డీకోడర్‌లో దూరం అడుగుల్లో నింపే చోటు ఉంటుంది. అది దగ్గరి స్పీకరును ఆ ఆరు మిల్లీసెకన్లు ఆపుతుంది.

పైకప్పుకు కొట్టి తిరిగి కిందికి వచ్చే అట్మాస్ స్పీకర్లకు చదునైన, గట్టి సీలింగ్ కావాలి. స్లాబు ఇళ్లు ఇందుకు బాగానే పనికొస్తాయి. మెట్లు మెట్లుగా చేసిన ఫాల్స్ సీలింగ్, పెంకుటిల్లు, రేకులు అయితే ఆ డబ్బు దండగ.

ఉన్న దారులు, ఎవరి వాదన వాళ్లది

పదిహేను, ఇరవై వేల దగ్గర ఎక్కువగా కనిపించేది సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ లాంటి రకం. ముందు బార్‌లోనే మూడు చానళ్లు, సబ్‌వూఫర్, వెనక వైరుతో రెండు స్పీకర్లు, ఆర్క్, డాల్బీ డిజిటల్. దీన్ని సమర్థించేవాళ్ల మాట సూటిగా ఉంటుంది: తక్కువ ధరలో అసలు 5.1, ఒక్క కేబుల్, ఇంట్లో అందరికీ వాడటం వస్తుంది. ఎదుటివాళ్లు బార్ వెడల్పు తక్కువని, పాటలు వినడానికి చప్పగా ఉంటుందని అంటారు. రెండూ నిజమే. వైర్‌లెస్ వెనక స్పీకర్లున్న సెట్లు ఖరీదెక్కువ. వాటికీ కరెంటు ప్లగ్గు కావాలి, ఆ వైరు తప్పదు.

రిసీవర్, విడి స్పీకర్లు కొనాలనేవాళ్లు ముందు రెండు మంచి స్పీకర్లతో మొదలుపెట్టి, డబ్బు చేతికొచ్చినప్పుడు సెంటర్, తర్వాత వెనకవి చేర్చుకోవచ్చంటారు. పాటలు ఎక్కువ వినే ఇంటికి ఈ వాదన బలమైనది. మొదటి మెట్టు ఎత్తు మాత్రం ఎక్కువ, రిసీవర్ ఒక్కటే పై సెట్టు మొత్తం ధరను దాటుతుంది.

లోకల్‌గా చేయించుకునే యాంప్లిఫయర్‌కు మన ఊళ్లలో గట్టి అభిమానులున్నారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పన్నెండు అంగుళాల వూఫర్, అడిగినంత బేస్. ఇప్పుడు ఆర్క్ ఉన్న డీకోడర్ బోర్డులు కూడా బిగించి ఇస్తున్నారు కాబట్టి, వీటికి అసలు 5.1 రాదన్న పాత విమర్శ అన్నిసార్లూ నిలవదు. చేసినవాడి చేతిని బట్టి నాణ్యత మారుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే సన్నటి గుయ్ శబ్దం వెంటాడుతుంది.

నాలుగో వర్గం అసలు ఐదు వద్దంటుంది. అదే డబ్బు రెండు స్పీకర్ల మీద పెడితే చవక ఐదు కంటే బాగుంటుందన్నది వాళ్ల లెక్క. రోజంతా పాటలు, యూట్యూబ్ నడిచే ఇంట్లో, వెనక స్పీకర్లు పెట్టే చోటే లేని హాల్లో ఇది కాదనలేని మాట. వారానికి రెండు మూడు సినిమాలు కూర్చుని చూసే ఇంట్లో సెంటర్ లేని లోటు తెలుస్తుంది.

రిపేరు దగ్గర ఈ దారులు మళ్లీ విడిపోతాయి. సౌండ్‌బార్ సెట్లలో చాలావాటికి డీకోడర్, యాంప్ ఒకే బోర్డు మీద ఉంటాయి. వారంటీ దాటాక ఆ బోర్డు పోతే, బాగున్న ఐదు స్పీకర్లూ మూలన పడతాయి. వాటి పిన్నులు ఇంకో సెట్టుకు సరిపోవడం అరుదు. రిసీవర్ పోతే స్పీకర్లు మిగులుతాయి, స్పీకరు పోతే అదొక్కటే మారుతుంది. లోకల్ యాంప్‌లో పోయిన ఐసీని వీధి చివర మెకానిక్ సాయంత్రానికి మార్చి ఇస్తాడు.